జడ్చర్ల రోడ్డే శ్రీనగర్ రోడ్డు: గుంపుగా బండ్ల మీద లద్దాఖ్ వెళ్లి రావడం ఎలా

జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన టీ తాగుతున్నప్పుడు ఒక సంగతి గుర్తు చేసుకోండి. దక్షిణానికి పోతే ఆ రోడ్డు కన్యాకుమారి దాకా దిగుతుంది. ఉత్తరానికి తిప్పితే హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ, జమ్మూ మీదుగా శ్రీనగర్ చేరుతుంది. దాదాపు 2,500 కిలోమీటర్లు. దారి తప్పడానికి కూడా పెద్దగా వీలు లేదు. అందుకే మన పాలమూరు, నల్లగొండ కుర్రవాళ్లలో బండి ఉన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఆ ఆలోచన వస్తుంది.

మేము మొదటిసారి ఎనిమిది బండ్లు బయల్దేరాం. మూడు ముక్కలుగా తిరిగి వచ్చాం. బండ్లన్నీ బాగానే ఉన్నాయి. కార్గిల్‌లో గది అద్దె ఎవరు ఎంత ఇవ్వాలన్న దగ్గర మొదలైన మాట, లేహ్ చేరేసరికి "మీరు మీ దారిన పొండి, మేము మా దారిన పోతాం" దాకా వచ్చింది. బండికి మెకానిక్కు ఎక్కడో ఒక చోట దొరికాడు కానీ ఆ మాటకు దొరకలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ముందు గుంపును సరిచూసుకున్నాం, ఆ తర్వాతే బండ్లను. మీరూ అదే వరుసలో చేయండి. జూన్ చివర ప్రయాణం అనుకుంటే జనవరిలోనే మొదలుపెట్టండి.

జనవరి: ఎవరితో వెళ్లాలి

రైడింగ్ క్లబ్బు అంటే జాకెట్ మీద బొమ్మ, వాట్సాప్‌లో రోజుకు వంద శుభోదయాలు అనుకోకండి. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు చెప్పిన చోటికి ఎవరు వస్తారో వాళ్లే క్లబ్బు. మా నల్లగొండ వాళ్లం సాధారణంగా నార్కట్‌పల్లి చౌరస్తాలో కలుస్తాం, ఎందుకంటే అక్కడికైతే చిట్యాల వాళ్లూ నకిరేకల్ వాళ్లూ తేలిగ్గా వస్తారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దాకా వెళ్లి, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు కూర్చుని, ఇడ్లీ తిని ఇంటికి వస్తాం. పెద్ద దూరమేమీ కాదు. కానీ ఎవరు ఆలస్యంగా వస్తారో, ఎవరు ప్రతిసారీ డబ్బిచ్చే వేళకు ఫోను మాట్లాడుతూ పక్కకు జరుగుతారో, ఎదుటివాడి బండి ఆగితే ఎవరు వెనక్కి తిరిగి వస్తారో మూడు నాలుగు వారాల్లో తేలిపోతుంది.

క్లబ్బులో కొత్తగా చేరితే మొదట్లో ఎక్కువ మాట్లాడకండి, వెనకాల నడపండి. మీ బండి ఎన్ని సీసీలో ఎవరూ అడగకముందే చెప్పకండి. మా క్లబ్బులో అందరికంటే గౌరవం ఉన్న మనిషి నడిపేది పన్నెండేళ్ల నాటి 150 సీసీ బండి. మిర్యాలగూడలో లెక్కల మాస్టారు. ఎవరింట్లో పెళ్లైనా, ఆసుపత్రిలో రక్తం అవసరమైనా మొదటి ఫోను ఆయనకే వెళ్తుంది. క్లబ్బు జీవితంలో సగం ఇలాంటి పనులే. బండ్లు నడిపేది మిగతా సగం.

గుంపులో ఆరు బండ్లకు మించవద్దు. ఎనిమిది దాటితే ప్రతి టీ కొట్టూ అరగంట తింటుంది. ఆరుగురిలో ఒకరికైనా పంచరు వేయడం, గొలుసు బిగించడం వచ్చి ఉండాలి. ఒకరికి హిందీ బాగా వచ్చి ఉండాలి. ఒకరు డబ్బు రాసేవారై ఉండాలి. ఈ మూడో మనిషి అన్నిటికన్నా ముఖ్యం.

ఫిబ్రవరి, మార్చి: నల్లమలలో నేర్చుకోవడం

హిమాలయం ముందు మన నల్లమల ఎత్తు లెక్కకు రాదు. మలుపులు మాత్రం మలుపులే. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరుకుని, అక్కడి నుంచి దోమలపెంట, ఈగలపెంట దాటి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే దారి మనకున్న మంచి బడి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా దారి మూసేస్తారు. పగలు కూడా అనవసరంగా హారన్ కొట్టకండి, కోతులకు తిండి వేయకండి.

అక్కడ నేర్చుకోవాల్సింది రెండే. మొదటిది దిగడం. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే చక్రం దగ్గరి బ్రేకు పళ్లెం (డిస్కు) వేడెక్కి, బ్రేకు నూనె మరిగి, కావలసిన చోట లీవరు మెత్తగా లోపలికి పోతుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇగ్నిషన్ ఆపి, న్యూట్రల్‌లో జారుతూ పెట్రోలు మిగుల్చుకునే అలవాటు ఉంటే ఇక్కడే వదిలేయండి.

రెండోది గుంపుగా నడపడం. ముందు లీడ్, చివర స్వీప్. లీడ్ అంటే దారి తెలిసినవాడు. స్వీప్ అంటే అందరికంటే అనుభవం ఉన్నవాడు, పంచరు సామాను ఉన్నవాడు, ఎవరి బండి ఆగినా తన బండి ఆపేవాడు. ఉత్సాహం ఎక్కువగా ఉన్న కుర్రవాణ్ని స్వీప్‌గా పెట్టకండి, మధ్యాహ్నానికి అతనే లీడ్ ముందు ఉంటాడు. నెమ్మదిగా నడిపే మనిషిని లీడ్ వెనకే, రెండో స్థానంలో ఉంచండి. అప్పుడు గుంపు వేగం దానంతట అదే అతని వేగానికి తగ్గుతుంది, అతనికి వెనకబడ్డానన్న కంగారూ ఉండదు. ప్రతి ఒక్కరూ తన వెనక బండి అద్దంలో కనబడుతోందా లేదా చూసుకోవాలి. కనబడకపోతే నెమ్మదించాలి, రోడ్డు చీలే చోట ఆగి ఉండాలి. అందరూ ఈ ఒక్క పని చేస్తే ఎవరూ తప్పిపోరు, ఫోనులో సిగ్నలు లేకపోయినా.

చేతి సైగలు క్లబ్బు క్లబ్బుకూ మారతాయి. ట్యాంకు మీద తట్టి చూపిస్తే పెట్రోలు, కాలు చాపితే ఆ పక్కన గుంత అన్నవి దాదాపు అందరికీ ఒకటే. మిగతావి మీ ఆరుగురికీ ఒకటే అర్థం అయ్యేలా మాట్లాడుకోండి.

ఏప్రిల్: దారి, సెలవు, ఇంట్లో ఒప్పుదల

ఇంట్లో ఒప్పుదల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఖర్చు దాచకండి, తేదీలు తగ్గించి చెప్పకండి, అంతే.

దారి గురించి మాత్రం గట్టిగా చెబుతాను: శ్రీనగర్ మీదుగా వెళ్లి, మనాలి మీదుగా దిగండి. నల్లగొండ సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల చిల్లర ఎత్తులో ఉంది. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. శ్రీనగర్ దాదాపు 1,600, కార్గిల్ దాదాపు 2,700. మధ్యలో 3,528 మీటర్ల జోజి లా, 4,108 మీటర్ల ఫోటు లా దాటినా, రాత్రి పడుకునేది కిందే. లా అంటే అక్కడి భాషలో కనుమ. ఒళ్లు మెట్టు మెట్టుగా అలవాటు పడుతుంది. మనాలి వైపు నుంచి ఎక్కితే రెండో రాత్రికే 4,290 మీటర్ల సర్చులో గుడారంలో పడుకోవాల్సి వస్తుంది. అక్కడ తల తిరిగితే దిగడానికి కూడా దారి లేదు, ఎందుకంటే వెనక్కి రావాలంటే ముందు 4,890 మీటర్ల బారాలాచా లా ఎక్కాలి. లేహ్‌లో వారం గడిపిన ఒంటికి అదే సర్చు ఒక చలి రాత్రి మాత్రమే.

మొత్తం రోడ్డు మీదే వెళ్లాలంటే శ్రీనగర్‌కు రోజుకు నాలుగు వందల కిలోమీటర్ల చొప్పున ఆరు రోజులు, రావడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. నెల రోజుల సెలవు ఉంటే వెళ్లండి. లేకపోతే బండ్లను రైల్లో ఢిల్లీకో జమ్మూకో పంపడంలో నామోషీ ఏమీ లేదు. పార్సిల్ ఆఫీసులో ఆర్సీ, బీమా, గుర్తింపు కార్డు నకళ్లు అడుగుతారు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. గోనెపట్టా, గడ్డితో కట్టేవాళ్లు అక్కడే ఉంటారు. అద్దాలు ముందే ఊడదీసి సంచిలో వేసుకోండి. మీరు వెళ్లే రోజుకు నాలుగైదు రోజుల ముందే బండిని పంపండి, మీరెక్కే రైల్లోనే బండీ వస్తుందని నమ్ముకోకండి.

పథకంలో రెండు రోజులు ఖాళీగా వదలండి. ఆ రెండు రోజులూ ఎక్కడ ఖర్చవుతాయో ఎవరికీ తెలియదు, ఖర్చవడం మాత్రం ఖాయం.

మే: బండి

కొత్త బండి కొనాల్సిన పని లేదు. మీ బండి మీకు తెలిసి ఉండాలి. టైర్లు సగం అరిగి ఉంటే మార్చండి. గొలుసు, పళ్ల చక్రాలు ఒక సెట్టుగానే మార్చాలి. బ్రేకు ప్యాడ్లు, నూనె కొత్తవి వేయించండి. ఈ మరమ్మతులన్నీ బయల్దేరే ముందురోజు వద్దు, కనీసం వెయ్యి కిలోమీటర్లు నడిపాక చిన్న చిన్న లోపాలు బయటపడతాయి.

వెంట ఉండాల్సినవి: క్లచ్ తీగ, యాక్సిలరేటర్ తీగ, స్పార్క్ ప్లగ్గు, ఫ్యూజులు, క్లచ్, బ్రేకు లీవర్లు, ట్యూబులు లేదా ట్యూబ్‌లెస్ పంచరు సామాను, గాలి పంపు, గొలుసు లింకు. కొత్త క్లచ్ తీగను సంచిలో పెట్టుకోకండి. పాత తీగ పక్కనే, అదే దారిలో, హ్యాండిల్ నుంచి ఇంజను దాకా తొడిగి రెండు చివరలూ టేపుతో కట్టేయండి. ఫోటు లా ఎక్కుతుండగా మాలో ఒకరి తీగ తెగింది. చిన్న చినుకులు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ట్యాంకు విప్పే పని లేదు కాబట్టి పాత చివర ఊడదీసి, పక్కనున్న దాని చివర తగిలించి, లీవరు దగ్గర మర రెండు చుట్లు తిప్పితే సరిపోయింది. స్వీప్ సిగరెట్టు ముగిసేలోపు బండి కదిలింది. ఆ ఎత్తులో సిగరెట్టు ఎందుకన్న తగాదా వేరే.

ఇంకో మాట క్లచ్ గురించే. లేహ్ నుంచి నుబ్రా లోయకు పోయే దారిలోని ఖర్‌దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. చాలా ఏళ్లు అక్కడి బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉండేది, అసలు లెక్క 17,582 అడుగులే. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ. మీకు ఊపిరి ఆడనట్టే ఇంజనుకూ ఆడదు. కార్బురేటర్ బండ్లు మరీ ఇబ్బంది పడతాయి, గాలి తగ్గినా పెట్రోలు అంతే వస్తుంది కాబట్టి నల్లటి పొగ, తడబాటు. ఇంజక్షన్ బండ్లు సర్దుకుంటాయి కానీ బలం వాటికీ తగ్గుతుంది. మైదానంలో నడిపినవాళ్లు ఇక్కడే సగం క్లచ్ పట్టుకుని ఇంజనును అరిపిస్తారు. పది మలుపుల్లో క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, నడక వేగంతో ఎక్కండి. వెనకాల లారీ హారన్ కొడితే పక్కకు జరిగి పోనివ్వండి.

బయల్దేరే ముందు వారం

మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీర్‌లో, లద్దాఖ్‌లో పనిచేస్తాయని నమ్ముకోకండి. ఇద్దరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కాగితాలు ఫోనులో ఉన్నాయిలే అనుకోకండి, సిగ్నలు లేని చెక్‌పోస్టులో ఫోను అద్దంతో సమానం. ఆర్సీ, లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం అచ్చుకాగితాలుగా పెట్టుకోండి. లేహ్ నుంచి నుబ్రా లోయకు, పాంగాంగ్ సరస్సుకు వెళ్లడానికి కావలసిన అనుమతి, రుసుము సంగతి లేహ్ అధికారిక పోర్టల్‌లో ఆ వారమే చూసుకోండి, నియమాలు మారుతుంటాయి.

గుండె జబ్బు, ఉబ్బసం, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే రావాలి. ఎత్తు పడకపోవడానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి కూడా ఆ డాక్టరునే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

బట్టల మీద నేను పెద్దగా చెప్పను. ఒకటే పెద్ద జాకెట్టు కన్నా మూడు పలచటి పొరలు మేలు. వాన కోటు తప్పనిసరి. తిండికి ఇంట్లో చేసిన అటుకుల చుడువా, పల్లీ పట్టీలు, ఒక చిన్న సీసాలో చింతకాయ తొక్కు. నాలుగో రోజు రాజ్మా అన్నం ముందు ఆ సీసా తీసినవాడు ఆ పూటకు గుంపు నాయకుడు.

డబ్బు రాసే మనిషికి తలా ఐదు వేలు ముందే ఇవ్వండి. పెట్రోలు ఎవరిది వారిదే. గది, తిండి, టీ మాత్రం ఉమ్మడి సంచిలోంచి. అయిపోతే మళ్లీ తలా అంతే. ప్రతి రాత్రి పడుకునే ముందు ఆ రోజు లెక్క గట్టిగా చదివి వినిపించాలి. మాకు ఈ పని మాస్టారే చేసేవారు. చదువుతుంటే ఎవరో ఒకరు నిద్రపోయేవారు కానీ, మళ్లీ ఒక్క మాట పడలేదు.

పైన

లేహ్ చేరాక రెండు రాత్రులు ఏమీ చేయకండి. నిజంగానే ఏమీ. బజారు దాకా నడిచి రావచ్చు. మద్యం వద్దు. ఆ తర్వాత కూడా ఒళ్లు అలవాటు పడేదాకా ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ పడుకునే ఎత్తులో తేడా 500 మీటర్లు దాటకుండా చూసుకోండి.

మా మాస్టారు రోజుకు ఏడు టీలు తాగే మనిషి. లేహ్‌లో రెండో రోజు పొద్దున నేను గ్లాసు అందిస్తే "వద్దులేవయ్యా" అన్నారు. తలనొప్పి అంటే కాదన్నారు. స్వీప్ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "మాస్టారూ, మీరు టీ వద్దన్నారు" అన్నాడు, నేరం మోపినట్టు. అప్పుడు ఒప్పుకున్నారు, రాత్రంతా తల పగిలిపోయిందని, తిన్నది ఇమడలేదని. సోనమ్ నోర్బూ ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టి, విశ్రాంతి తీసుకోమన్నారు. ఖాళీగా వదిలిన రెండు రోజుల్లో ఒకటి అక్కడ ఖర్చయింది. మూడో రోజు ఆయనే వంటగదిలోకి వెళ్లి టీ అడిగి తెచ్చుకున్నారు.

వేలికి పెట్టే ఆక్సిమీటరు ఉంచుకోండి, కానీ అంకె కన్నా మనిషిని చూడండి. తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే అంతకంటే పైకి ఎక్కకూడదు. అడుగులు తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తికమకగా ఉన్నా అప్పటికప్పుడు కిందికి దించాలి, తెల్లారనివ్వకూడదు. ఆ మనిషిని బండి నడపనివ్వకండి, కారు మాట్లాడండి. ఖర్‌దుంగ్ లా మీద పావుగంట చాలు. ఫొటో తీసుకుని దిగండి.

అక్కడ నాలా అంటే మన ఊళ్లో మురుగునాలా కాదు, రోడ్డుకు అడ్డంగా పారే మంచునీటి వాగు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది. పొద్దున మోకాలి లోపు ఉన్నది సాయంత్రానికి సీటు దాకా రావచ్చు. కాబట్టి వాగులున్న రోజు చీకటితోనే బయల్దేరండి. వాగు దగ్గర బండి ఆపి, ఒకరు నడిచి లోతు చూడాలి. ఒకసారికి ఒక్క బండే దిగాలి. మొదటి గేరు, యాక్సిలరేటర్ ఒకేలా, క్లచ్ ముట్టకుండా, చూపు అవతలి ఒడ్డు మీద. నీటిలోకి చూస్తే నీటిలోకే పోతారు. అవతల ఒకరు నిలబడి చేయి ఊపుతూ ఉంటే చాలా ధైర్యం. దాటాక నాలుగుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరబెట్టండి.

దిగేటప్పుడు పెట్రోలు లెక్క జాగ్రత్త. ఈ దారిలో మనాలి వైపున్న టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని చెప్పే బోర్డు రైడర్లందరికీ తెలిసినదే. మీరు వచ్చేది ఇటు నుంచి కాబట్టి లేహ్ దాటాక కారూలో ట్యాంకు నిండా పోయించుకోండి. బండికి ఐదు లీటర్లు అదనంగా, లోహపు డబ్బాలో. ప్లాస్టిక్ సీసాలో వద్దు, ఎత్తుకు ఉబ్బి కారుతుంది. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగేవాళ్లే ఆగాలి. టంగ్‌లంగ్ లా, గాటా లూప్స్‌లోని 21 మలుపులు, బారాలాచా లా దాటి, 9 కిలోమీటర్ల అటల్ సొరంగంలోంచి బయటికి రాగానే దేవదారు చెట్లు, వాన, ముక్కు నిండా గాలి. ఎవరూ చెప్పకుండానే అందరూ బండ్లు ఆపుతారు.

ఇంటికి వచ్చాక

నేరుగా నీళ్ల పంపు కింద పెట్టకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మాది గోధుమపిండి జల్లెడలా ఉంది. ఇంజన్ ఆయిల్, బ్రేకు ప్యాడ్లు మార్చండి. ముందు ఫోర్కుల నుంచి నూనె కారుతోందేమో, చక్రాల బేరింగులు ఆడుతున్నాయేమో చూపించండి. పంచుకోవాల్సిన ఫొటోలు వారంలోపే పంచండి, తర్వాత ఎవరూ అడగరు.

లెక్క పుస్తకం తర్వాతి ఆదివారమే మూసేయాలి. నార్కట్‌పల్లిలో మా మాస్టారు చివరి పేజీ చదివారు. తలా 212 రూపాయలు మిగిలాయి. పంచుతానంటే ఎవరూ చేయి చాపలేదు. ఆ డబ్బుతో ఒక కొత్త క్లచ్ తీగ కొని స్వీప్ సంచిలో పెట్టారు, మిగిలింది ఇడ్లీలకు సరిపోయింది.